మన్రోలప్ప కాగితాలు

కలెక్టరు పేరును కన్నబిడ్డకు పెట్టుకున్న నేల ఎక్కడైనా ఉందా? ఉంది. మన సీమే. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి పల్లెల్లో కొందరు మగపిల్లల పేరు 'మన్రోలప్ప'. తిమ్మప్ప, హనుమప్ప, మల్లప్పల వరసలో మన్రోలప్ప! స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో 1761 మే 27న పుట్టిన థామస్ మన్రో అనే దొరకు రాయలసీమ నాలుక తగిలించిన 'అప్ప' అది.

మన్రో కథలు తెలుగువాళ్లకు కొత్తకాదు. తిరుమల శ్రీవారి నైవేద్యం కోసం ఏర్పాటు చేశాడని చెప్పుకునే మన్రో గంగాళం, మంత్రాలయంలో బృందావనం ముందు నిలబడి రాఘవేంద్రస్వామితో మాట్లాడాడన్న ముచ్చట, గండి క్షేత్రంలో ఆకాశాన బంగారు తోరణం ఆయన కంట పడిందన్న మాట... ఇవన్నీ తాత నుంచి మనవడికి నోటిమాటగా వచ్చినవి. నోటిమాట సంగతి అలా ఉంచితే, ఆయన చేత్తో రాసిన కాగితాలు వేరే ఉన్నాయి. అవి రెండు రకాలు. ఇంటికి రాసినవి కొన్ని. అమ్మకూ నాన్నకూ, సోదరి ఎర్‌స్కిన్‌కూ, చివరి ఏళ్లలో భార్యకూ. సర్కారుకు రాసినవి కొన్ని. శిస్తు లెక్కలు, సర్వే పద్ధతులు, పాలెగాళ్ల వివరాలు, గవర్నరయ్యాక రాసిన మినిట్లు.

ఒకే చెయ్యి, ఒకే సిరా. మొదటి కట్టలో ఇంటిమీద బెంగపెట్టుకున్న కొడుకు కనిపిస్తాడు. రెండో కట్టలో పంటలో దాదాపు సగం వసూలు చేసే కలెక్టరు కనిపిస్తాడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చేల తలరాత ఆ రెండో కట్టలో ఉంది.

అమెరికాలో యుద్ధం, గ్లాస్గోలో దివాలా

మన్రో తండ్రి అలెగ్జాండర్ వ్యాపారి. గ్లాస్గో వర్తకులకు ఆ రోజుల్లో బంగారు బాతు అమెరికాలోని వర్జీనియా పొగాకు. అక్కడి తోటల వాళ్లకు అప్పులిచ్చి, సరుకు తెప్పించి, యూరప్ అంతటా అమ్ముకునేవారు. 1776లో అమెరికా వలసలు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. యుద్ధంలో గ్లాస్గో వాళ్ల బాకీలు సముద్రం అవతలే ఉండిపోయాయి. అలెగ్జాండర్ మన్రో కుదేలైపోయాడు. కాలేజీ చదువు చదివిన కొడుకుకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్ ఉద్యోగం తప్ప దారి కనిపించలేదు. 1780 జనవరిలో మద్రాసు రేవులో దిగాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు నిండాయంతే. అమెరికా వాళ్లు అప్పుడు తిరగబడకపోయి ఉంటే మన్రో గ్లాస్గోలోనే తండ్రి కొట్లో లెక్కలు రాసుకుంటూ ఉండేవాడేమో!

దిగిన కొద్ది నెలలకే హైదర్ అలీ కర్ణాటక మైదానం మీద విరుచుకుపడ్డాడు. నాలుగేళ్లు యుద్ధంలోనే గడిచాయి. ఆ రోజుల ఉత్తరాల్లో బడాయి లేదు. సీమదొరలు ఇండియాలో పల్లకీల్లో తిరుగుతూ రాజభోగం అనుభవిస్తున్నారని స్కాట్లాండ్‌లో అందరూ అనుకునే కాలమది. 1789లో సోదరికి రాసిన ఉత్తరంలో మన్రో ఆ భ్రమను నవ్వుతూ చెరిపేశాడు. ఏళ్ల తరబడి నేలమీదే పడక, తలకింద పుస్తకమో తూటాల సంచో, ఒకచోట కుట్టించుకునేలోగా ఇంకోచోట చిరిగే బట్టలు... ఇదీ ఆయన చెప్పుకున్న దొరతనం. అంత ఇరుకులోనూ సోదరుడితో కలిసి తండ్రికి డబ్బు పంపుతూనే ఉన్నాడు. దుబాయ్ నుంచో కువైట్ నుంచో కొడుకు పంపే డబ్బుకోసం నెలనెలా ఎదురుచూసే ఇళ్లు మన సీమలో ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లవాళ్లకు ఈ ఉత్తరాల్లోని తియ్యదనం, దిగులు రెండూ వెంటనే అర్థమవుతాయి.

పారసీ, హిందుస్తానీ నేర్చుకున్నాడు. షేక్‌స్పియర్ నాటకంలో షైలాకు అనే వడ్డీవ్యాపారి అప్పుకింద పౌను మాంసం అడుగుతాడు కదా, అలాంటి కథే ఒక పారసీ రాతప్రతిలో ఆయనకు దొరికింది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి ఇంటికి పంపితే, అది షేక్‌స్పియర్ పండితుడు మాలోన్ పుస్తకంలోకి ఎక్కింది. సిపాయి ఉద్యోగం చేసుకుంటూ ఇలాంటి పనులు పెట్టుకునే మనిషి అన్నమాట.

1792 నుంచి ఏడేళ్లు బారామహల్‌లో, అంటే నేటి తమిళనాడులోని ధర్మపురి, కృష్ణగిరి, సేలం వైపు, కెప్టెన్ రీడ్ కింద శిస్తు పని నేర్చుకున్నాడు. ఊరికొక గుత్తేదారును పెట్టి వసూలు చేయించడం కాకుండా, ఏ రైతు భూమికి ఆ రైతుతోనే లెక్క తేల్చుకునే రైతువారీ పద్ధతి అక్కడే రూపు కట్టింది. 1799లో టిప్పు సుల్తాన్ చనిపోయాక కెనరా తీరానికి కలెక్టరుగా పంపారు. ఎడతెగని వానలతో ఆ తీరం ఆయనకు సుతరామూ నచ్చలేదు. పొడినేల కావాలని పట్టుబట్టాడు. వానలంటే విసుగుపుట్టి రాయలసీమ కోరుకున్న మనిషి చరిత్రలో ఈయనొక్కడే అయి ఉండాలి!

ఇరవై ఏళ్లలో నలుగురు ఏలికలు

1800 అక్టోబరు 12న నిజాం, కంపెనీ మధ్య ఒప్పందం కుదిరింది. తన రక్షణకు ఉంచిన కంపెనీ పటాలాల ఖర్చు కింద, మైసూరు నుంచి తన వాటాకు వచ్చిన జిల్లాలను నిజాం రాసిచ్చేశాడు. అవే దత్తమండలాలు. దత్తత పోయినట్టున్న ఆ పేరు పడక 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు 'రాయలసీమ' అన్న పేరు పెట్టేదాకా అదే పేరుతో నడిచింది.

ఒక్కసారి ఆనాటి రైతు వైపు నుంచి చూడండి. 1780లో హైదర్. 1782 చివర ఆయన పోయాక టిప్పు. 1799లో నిజాం. మరుసటి ఏడాదే కంపెనీ. ఇరవై ఏళ్లలో నలుగురు ఏలికలు. ఎవరొచ్చినా మొదట అడిగేది శిస్తే. ఒకప్పుడు విజయనగర చక్రవర్తులు కొలువుతీరిన పెనుకొండ పాత వైభవానికి సాక్ష్యంగా కొండమీద రాళ్లు, కొండకింద గగన్‌మహల్ మిగుల్చుకుంది. గుత్తి మురారిరావు తండ్రి హిందోజీరావు పేరున వెలిసిందని చెప్పే హిందూపురం ఇంకా చిన్న ఊరే. క్రియాశక్తి ఒడయరు తల్లి ధర్మాంబ పేరున కట్టించాడని చెప్పే చెరువు ధర్మవరానికి ప్రాణాధారం.

వీటి మధ్య పాలెగాళ్లు. దత్తమండలాలన్నిటా కలిపి ఎనభై మంది దాకా ఉండేవారు. వాళ్ల దగ్గర వేలాది సాయుధ బంట్రోతులు. కంపెనీకి కట్టాల్సింది కట్టకుండా, రైతు దగ్గర వసూలు చేసుకుంటూ, కోటల్లో కూర్చునేవారు. మన్రో వాళ్ల పట్ల మెత్తగా వ్యవహరించలేదు. లొంగనివాళ్ల మీదికి సైన్యం నడిచింది, కోటలు కూలాయి, చాలామందికి పింఛన్లు విదిల్చి పక్కన కూర్చోబెట్టారు. ఇంత కరుకుగా పోవలసింది కాదని లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. ఆ పింఛన్ల కాగితం ముక్కలు తర్వాత్తర్వాత ఎంత పనిచేశాయో తెలుసా? కోయిలకుంట్ల వైపు ఒక పాలెగాడి వంశంలో మిగిలిన పింఛను నెలకు పదకొండు రూపాయల చిల్లర. ఆ వివాదం 1846లో తిరుగుబాటై భగ్గుమంది. ఆ మనిషే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 1847 ఫిబ్రవరి 22న ఉరితీసేదాకా దొరలకు నిద్రలేదు.

అనంతపురం కేంద్రంగా మన్రో ప్రిన్సిపల్ కలెక్టరు. మొదటి కొన్నేళ్లు ఇల్లన్నది లేదు. డేరాలే ఇల్లు, డేరాలే కచేరీ. అప్పటికే చెవుడు మొదలైంది. ఇంటి ఉత్తరాలు తగ్గాయి. రాసినవాటిలోనూ తీరికలేనితనం గురించే ఎక్కువ. పెద్దవాళ్లతో స్నేహాలు మాత్రం కాగితం మీద నడిచాయి. తర్వాతి కాలంలో వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ అప్పటికింకా ఆర్థర్ వెల్లెస్లీయే. 1803లో అస్సాయే యుద్ధం గెలిచాక, తానెందుకు అలా దాడి చేయాల్సివచ్చిందో మన్రోకు ప్రత్యేకంగా ఉత్తరం రాసి వివరించుకున్నాడు. అనంతపురంలో శిస్తు లెక్కలు చూసుకునే మనిషికి సంజాయిషీ లాంటి ఉత్తరం!

33 అడుగుల గొలుసు

కర్ణాటక సరిహద్దు పల్లెల్లో పెద్దవాళ్లను అడిగితే ఎకరాకు నలభై గుంటలంటారు. గుంట అంటే ఎంత? 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు. గుణిస్తే 1,089 చదరపు అడుగులు. నలభైతో హెచ్చవేస్తే 43,560. సరిగ్గా ఎకరా. మన్రో సర్వే గుమాస్తాల చేతికిచ్చిన గొలుసు పొడవు అదే. ముప్ఫైమూడు అడుగులు.

సర్వే 1802లో మొదలైంది. భూమి కొలవడం తెలిసినవాళ్లు మొదట్లో నలుగురే. బారామహల్‌లో పని నేర్చినవాళ్లు. వాళ్ల దగ్గర కొత్తవాళ్లు నేర్చుకుని సంఖ్య వందకు చేరింది. ఊరూరా, చేను చేనూ కొలిచారు. వెనకాలే మదింపుదార్లు. మెట్ట, మాగాణి, తోట అని విడదీసి, నేల తరగతిని బట్టి దరలు కట్టారు. ఆ తర్వాత కచేరీలో పంచాయితీ. ఊరిరెడ్డి, కరణం, రైతులు అందరూ వచ్చేవారు. ఉన్న సాగుకన్నా తక్కువ చూపించడం కరణం విద్య. ఎక్కువ రాబట్టడం తాసీల్దారు విద్య. పక్కూరి వాళ్లను అడిగి అసలు సంగతి కూపీ లాగడం కలెక్టరు విద్య. ఈ తతంగమంతా ఎలా నడిచేదో 1806 నవంబరు 30 నాటి నివేదికలో మన్రో పూసగుచ్చినట్టు రాశాడు. అది చదువుతుంటే పాత జమాబందీ కచేరీ కళ్లముందు కదులుతుంది. ఫసలీలు, పట్టాలు, శిస్తు, తక్కావి అప్పులు... ఆనాటి మాటల్లో కొన్ని నేటికీ రెవెన్యూ ఆఫీసుల్లో తిరుగుతూనే ఉన్నాయి.

ఫలితం? ఏడేళ్లలో భూమిశిస్తు సుమారు 4 లక్షల పౌన్ల నుంచి 6 లక్షల పౌన్లకు పెరిగింది. సగానికి సగం పెరుగుదల. కంపెనీ పెద్దలు సంబరపడ్డారు. దోపిళ్లు తగ్గాయి, బీళ్లు సాగులోకి వచ్చాయి, నిజమే. కానీ ఆ పెరిగిన రెండు లక్షల పౌన్లూ ఆకాశం నుంచి ఊడిపడలేదు. కపిల తోలే ఎద్దు మెడ మీదుగా, ఇంట్లో గింజలు కొలిచే ఆడమనిషి చేట మీదుగా వచ్చాయి.

ఆ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు మన్రోయే. ఇక్కడే ఆయన కాగితాల్లో అన్నిటికన్నా విలువైనది కనిపిస్తుంది.

ఆగస్టు 15 నాటి ఉత్తరం

1807 ఆగస్టు 15. ఇంటికి వెళ్లడానికి సెలవు దొరికింది. పెట్టెలు సర్దుకునే వేళ రెవెన్యూ బోర్డుకు ఒక సుదీర్ఘమైన ఉత్తరం రాశాడు. సారాంశం ఇది. ఇప్పుడు సర్కారు తీసుకుంటున్నది పంటలో నూటికి 45 వంతులు. ఇది రైతు మోయలేని బరువు. మొత్తం భూములన్నిటి మీదా శిస్తును పాతిక శాతం తగ్గించండి. బావుల్లోంచి నీళ్లు తోడుకుని సాగుచేసే భూములకు ఇంకో 8 శాతం తగ్గించండి. రైతు ఏటా తన శక్తికొద్దీ భూమి ఉంచుకోవచ్చు, వదులుకోవచ్చు. శిస్తు కట్టినంతకాలం ఆ భూమి అతనిదే.

లెక్క సులువుగా చూద్దాం. ధర్మవరం పక్కన ఒక రైతుకు వంద మూటల జొన్నలు పండాయనుకోండి. 45 మూటలు సర్కారుకు. ఎద్దులు, విత్తనం, కూలి, ఊరి పనివాళ్ల మేరలు పోగా మిగిలినవాటితో ఏడాది గడవాలి. పాతిక శాతం తగ్గిస్తే సర్కారు వాటా 34 మూటలకు దిగుతుంది. మిగిలే ఆ పదకొండు మూటలు ఆ ఇంటికి ఎంత? కరువు ఏడు ఇల్లు విడిచి వలసపోవాలా, ఉన్నవూళ్లో ఉండాలా అన్నది తేల్చేటంత.

బావి రైతుకు అదనపు తగ్గింపు అడగడంలో సీమ తెలిసిన మనిషి కనిపిస్తాడు. రాతినేలను తొలిచి బావి తవ్వడం, కపిలతో తోడి పారించడం ఎంత గొడ్డుచాకిరో పెనుకొండ చుట్టుపక్కల ఊళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అంత చాకిరీ చేసిన చేనుకు 'తోటభూమి' అని ఎక్కువ దర వేస్తే బావి తవ్వే పిచ్చివాడెవడు?

అయితే ఇక్కడొక ప్రశ్న రాకమానదు. ఏడేళ్లు 45 వంతుల లెక్కన వసూలు చేసిందీ ఈయనే కదా! తగ్గించమనే మాట వెళ్లేముందు రాశాడేమి? అప్పటి మద్రాసు సర్కారు యుద్ధాల ఖర్చుతో అప్పుల్లో ఉంది. వసూలు చూపించని కలెక్టరు మాట చెల్లదు. మన్రో ముందు వసూలు చూపించి, పేరు సంపాదించి, ఆ పేరును అడ్డుపెట్టి తగ్గింపు అడిగాడు. తెలివైన ఉద్యోగి చేసే పనే. కాకపోతే ఆ తెలివికి ఏడేళ్లపాటు మూల్యం కట్టింది రైతు. మన్రోను దేవుణ్ణి చేసేవాళ్లు ఈ మాట మింగేస్తారు, దొరల పాలనంతా దోపిడీ అనేవాళ్లు ఆ ఉత్తరాన్ని మింగేస్తారు.

ఇంతకీ బోర్డు ఏం చేసింది? పక్కన పెట్టింది. మన్రో ఓడెక్కాక 1808లో దత్తమండలాలను బళ్లారి, కడప జిల్లాలుగా విడగొట్టారు. ఈ మూడు ఊళ్లూ బళ్లారి కిందికి వెళ్లాయి. అనంతపురం వేరే జిల్లా అయింది 1882లోనే. రైతువారీ ఎత్తేసి ఊరిని మొత్తంగా గుత్తకిచ్చే పద్ధతి తెచ్చారు. ముందు మూడేళ్ల గుత్త, తర్వాత పదేళ్ల గుత్త. శిస్తు మాత్రం తగ్గించకుండా, వసూలు బాధ్యత ఊరిపెద్ద నెత్తిన పెట్టారు. వానలు ముఖం చాటేసిన ఏడు గుత్తేదారు రైతును పిండాడు, పిండినా రాకపోతే తానే మునిగాడు.

ఇంటి కాగితాల కట్టలో ఆ సమయానికి ఏముంది? 1808 ఏప్రిల్‌లో మన్రో బ్రిటన్ చేరాడు. ఇల్లు విడిచి ఇరవై ఎనిమిదేళ్లు దాటింది. ఏళ్లకేళ్లు ఉత్తరాలందుకున్న తల్లి అప్పటికే లేదు. తండ్రి చితికిపోయిన ముసలివాడు.

తుడిస్తే పోయే లెక్కలు

మన్రో ఇంటి ఉత్తరాలు భద్రంగా ఉండబట్టే రెవరెండ్ గ్లీగ్ వాటిని పోగుచేసి 1830లో జీవితచరిత్ర అచ్చువేయగలిగాడు. ఆయన మినిట్లను ఏరి ఆర్బత్‌నాట్ 1881లో పుస్తకం తెచ్చాడు. అసలు కట్టలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో మన్రో పేరిటే ఉన్నాయి. రెవెన్యూ బోర్డు దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. దొర రాసిన ప్రతి ముక్కకూ చోటు దొరికింది.

మరి రైతు వైపు కాగితం? అది కరణం దగ్గర ఉండేది. కొన్నిచోట్ల తాటాకు, మన సీమలో, కన్నడ నాట ఎక్కువగా కడితం. కడితం అంటే ఈతరం పిల్లలకు తెలియదు. గుడ్డకు చింతగింజల గుజ్జు, బొగ్గుపొడి కలిపి పూసి, ఆరబెట్టి, నల్లటి పలకలా చేసి పుస్తకంలా మడతలు పెట్టేవారు. మీద బలపంతో రాసేవారు. హిందూపురం చింతపండుకు పేరుమోసిన మార్కెట్. ఆ చింతపండు వంటింట్లోకి, చింతగింజ కరణం కచేరీలోకి వెళ్లేదన్నమాట. కడితం గట్టిది, ఏళ్ల తరబడి మన్నుతుంది. కానీ ఒక్క గుణం ఉంది. తడిగుడ్డతో తుడిస్తే రాత పోతుంది! మళ్లీ రాసుకోవచ్చు. ఎవరి చేను ఎవరి పేర ఉందో, ఎవరు కట్టారో, ఎవరు బాకీయో అన్నది తుడిస్తే పోయే లెక్క. కరణంతో పెట్టుకుంటే కాటికే అన్న భయం ఊళ్లలో ఊరికే పుట్టలేదు.

ప్రతి రైతుకూ పేరున పట్టా ఇవ్వాలన్న పద్ధతి విలువ ఇక్కడ తెలుస్తుంది. తన చేను కొలత, తన శిస్తు, తన పేరు ఉన్న కాగితం తన దగ్గరుంటే కరణం తడిగుడ్డకు కొంత పదును తగ్గుతుంది. కొంతే. ఎందుకంటే ఆ పట్టా చదివిపెట్టాల్సింది కూడా ఊళ్లో కరణమే.

ఆ కరణీకాలు 1984 జనవరిలో పోయాయి. రద్దుచేసింది ఎన్టీ రామారావు. మరుసటి ఏడాదే ఆయన హిందూపురం నుంచి శాసనసభకు గెలిచి, 1989, 1994లలోనూ అక్కడి నుంచే గెలవడం మరో ముచ్చట. కరణాల ఇళ్లలోని రికార్డులను సర్కారుకు అప్పగించమన్నారు. ఏ రికార్డు కావాలన్నా ముందు కరణం వాకిట్లో నిలబడాల్సిన రోజులు అలా ముగిశాయి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వేలో గొలుసు స్థానంలోకి డ్రోన్ వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఈ మూడు ఊళ్లూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా పేరు మారినా, అడంగల్ కాగితం చేతపట్టుకుని మండలాఫీసు మెట్లెక్కే రైతు అడిగే ప్రశ్న మాత్రం మారలేదు. 'నా చేను నా పేరునే ఉందా సార్?'

పదమూడేళ్ల తర్వాత

1814లో మన్రో పెళ్లి చేసుకుని, భార్య జేన్‌తో తిరిగొచ్చాడు. న్యాయశాఖ సంస్కరణలు చూశాడు, మరాఠా యుద్ధంలో కత్తి పట్టాడు. 1820 జూన్‌లో మద్రాసు గవర్నరయ్యాడు. పాత ఉత్తరం ఆయన మరిచిపోలేదు. ఊరి గుత్తలు ఎత్తేసి దత్తమండలాల్లో మళ్లీ రైతువారీ పెట్టించాడు. 1807లో తాను అడిగిన పాతిక శాతం, బావి భూములకు ఆ పైన అడిగినదీ, రెండు తగ్గింపులకూ తానే ఉత్తర్వు ఇచ్చాడు. ఒక కలెక్టరు అర్జీని పదమూడేళ్ల తర్వాత అదే మనిషి గవర్నరు కుర్చీలో కూర్చుని మంజూరు చేసుకోవడం ఎక్కడోగాని జరగదు. ఆ పదమూడేళ్లలో ఊరు విడిచిపోయినవాళ్లకు ఆ ఉత్తర్వు అందలేదు, అది వేరే సంగతి.

మన్రోలప్ప అనే పేరు వెనక ఉన్నది మహిమలూ తోరణాలే కాదు, ఈ పదకొండు మూటల జొన్నలు కూడా.

గవర్నరుగా ఆయన రాసిన మినిట్లు ఇప్పటికీ చదవదగ్గవే. 1824 డిసెంబరు 31 నాటి దానిలో, ఈ దేశపు మనుషులకు పెద్ద ఉద్యోగాలు ఇవ్వకుండా, వాళ్లను నమ్మకుండా మంచి పాలన ఎలా సాధ్యమని నిలదీశాడు. 1826లో రాష్ట్రమంతటా బడుల లెక్క తీయించి చెప్పాడు. 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. ఇంత దేశానికి ఇది చాలదని రాశాడు. అన్నట్టు, ఆయన గవర్నరయిన 1820లోనే మద్రాసులో భాషలు నేర్చుకుని కడపకు ఉద్యోగానికి బయల్దేరిన కుర్రాడొకడున్నాడు. పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

ఇంటి కట్టలో చివరి కాగితాలు జేన్‌కు రాసినవి. చిన్న కొడుకు క్యాంబెల్‌కు జబ్బుచేసి ఇక్కడి వాతావరణం పడకపోవడంతో 1826లో ఆమె పిల్లవాణ్ణి తీసుకుని స్వదేశం వెళ్లిపోయింది. ఆ తర్వాత గిండీ తోట బంగళాకు ఒంటరిగా వెళ్లిన రోజున, వాళ్లు లేని ఇల్లు ఎంత బోసిగా ఉందో భార్యకు రాశాడు. కుర్చీదిగి ఇంటికి రావాలన్న ఆత్రం ఆ ఉత్తరాల నిండా ఉంది. రాజీనామా ఎప్పుడో పంపాడు. బదులు మనిషి వస్తే బయల్దేరడమే. ఎంతకీ రాలేదు.

ఆ ఎదురుచూపుల్లోనే, వెళ్లేముందు పాత దత్తమండలాలను ఒక్కసారి చూసివద్దామని 1827 మే చివర్లో మద్రాసు నుంచి బయల్దేరాడు. దారిలో పరివారానికి కలరా తగిలింది. జులై 6న పత్తికొండలో మకాం. ఉదయం బాగానే ఉన్నాడు, రాత్రికి పోయాడు. శవాన్ని గుత్తికి తెచ్చి కోటకింద సమాధి చేశారు. 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకంగా ఒక బావి, తోపు వెలిశాయి.

మద్రాసు నుంచి స్కాట్లాండ్‌కు ఉత్తరం చేరాలంటే నెలలు పట్టే రోజులవి. కొత్త గవర్నరు లషింగ్టన్ అక్టోబరులో వచ్చి బాధ్యతలు తీసుకున్నాడు.